కైలాసం చెప్పిన మంచు

అబ్జర్వేటరీ, కనుమ ఆవలి క్యాంపు
20 అక్టోబరు 1963

అన్నకు, కైలాసం దండాలు.

నువ్వు మొదట అడిగిన దానికే మొదట జవాబు. బతికే ఉన్నాడు. మన రామక్క మొగుడు, నా బావ హనుమండ్లు, ఇక్కడ పూటకు ఆరు రొట్టెలు తిని బతికే ఉన్నాడు. నువ్వు ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషిని సెలవు నుంచి తిరిగి వస్తూ నేను వెంటబెట్టుకొచ్చాను కదా, రోడ్డు పనిలో పెట్టించాను. పార పట్టుకుని రాళ్లు తోడుతున్నాడు. సర్కారు వాళ్లు ఉన్ని కోటు, బూట్లు, రెండు కంబళ్లు ఇచ్చారు.

నా సంగతి అడగవు గానీ చెబుతాను. పొద్దున్నే లేచి గాలి ఎంత, చలి ఎంత, బారోమీటరు ఎంత అన్నది రాసుకుని, రేపు ఏమవుతుందో లెక్కగట్టి కింది ఊరికి వైర్‌లెస్ పంపిస్తాను. బలమైన గాలులు, మంచు జల్లులు అని నేను పంపితే కనుమ మూసేస్తారు. ఇంజనీరు సాబ్ కూడా "కైలాసం బాబు క్యా బోలా?" అని అడగనిదే మనుషులను కదిలించడు. కురుమ మల్లయ్య కొడుకు మాట మీద కొండలు ఆగుతున్నాయంటే నాకే నవ్వొస్తుంది.

బావకు మాత్రం నా చదువంటే లెక్కలేదు. "గీ డబ్బల ఏమున్నది బామ్మర్దీ? మబ్బు ముకం జూస్తే తెల్వదా?" అని మొన్న ఇంజనీరు ముందే అన్నాడు. అందరూ నవ్వారు. "ఖానాపూర్ అడవిల గొర్లను రేసుకుక్కలు పీకుతుంటే గూడ మబ్బు ముకమే జూసినవా?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మంచిదే.

కూలీలందరినీ నవంబరు ఆఖరున కిందికి దింపుతారు. వాళ్లతో ఇతనూ ఇంటికి బయలుదేరుతాడు. రామక్కతో చెప్పు.

నీ తమ్ముడు
కైలాసం


మల్లక్కపేట, పెద్దపల్లి తాలూకా
3 నవంబరు 1963

కైలాసానికి అన్న ముత్యం రాసేది. సంఘం వాళ్లు పెట్టిన బడిలో నేర్చుకున్న అక్షరాలు. నువ్వు మెట్రిక్ వాడివి, తప్పులు దిద్దుకుని చదువు.

వాణ్ణి రానివ్వకు. చెల్లె రామవ్వతో నేను ఏమీ చెప్పలేదు, చెప్పను.

నీకు గొర్రెలు పోయిన సంగతి నవ్వులాటగా ఉంది. నాకు లేదు. గోదావరి దాటించి మేపుకొస్తానని మందను తోలుకుపోయి, ఇప్పసారా తాగి పడుకున్నాడు. ఇరవై మూడు పోయాయి. అందులో పదకొండు మన బాపు రామవ్వకు పసుపు కుంకుమ కింద ఇచ్చినవి. చచ్చిన వాటి చెవులు కోసి మూటగట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ మూట విప్పినప్పుడు రామవ్వ ముఖం నువ్వు చూడలేదు, నేను చూశాను.

కులపెద్ద లచ్చయ్యతో మాట్లాడాను. డిసెంబరు ఇరవై శుక్రవారం పంచాయితీ. మొగుడు వచ్చి నలుగురిలో నిలబడి "నా పెండ్లాం నాకు గావాలె" అంటే పెద్దలు ఏమీ చేయలేరు. రాకపోతే పుల్ల విరిచి తెగదెంపులు చేసేస్తారు. లక్సెట్టిపేట దిక్కున బుచ్చిరాములు అని ఉన్నాడు, పెండ్లాం పోయింది, రెండు వందల గొర్రెలు, తాగుడు లేదు. మారుమనువుకు ఒప్పుకున్నాడు. "నన్నెవలడిగిండ్రు?" అంటుంది రామవ్వ. ఎవరూ అడగలేదు, అడగరు కూడా అని చెప్పాను.

నువ్వు రెండు పనులు చెయ్యాలి. ఆ తేదీ దాటేదాకా వాణ్ణి అక్కడే ఆపాలి. "నేను రాను, పుల్ల ఇరుసుకోండ్రి" అని వాడు అన్నట్టు ఒక ఉత్తరం రాసి పంపాలి. పంచాయితీలో చదివిస్తాను.

వానాకాలమంతా వాడి కోసం ఉన్ని వడికి, గొంగడి నెయ్యమని నా మగ్గం ముందు కూర్చుంది. పోరు పడలేక నేశాను. చింతగింజల గంజి ఒకసారి పెట్టే చోట మూడుసార్లు పట్టించాను, ఎంత వానకైనా చుక్క దిగదు. పార్శిలు చేస్తున్నాను. కట్టుబట్టలతో తరిమారని రేపు ఎవడూ అనకూడదు.

ముత్యం


అబ్జర్వేటరీ
17 నవంబరు 1963

అన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. ఇక్కడ అతను చుక్క ముట్టలేదు, దొరకదు కాబట్టి అనుకో. పని కూడా ఎగ్గొట్టడు. కానీ నాలుగోసారికి నీదే న్యాయం అనిపించింది. రామక్క జీవితమంతా వాడి వెనక చెవుల మూటలు విప్పుతూ ఉండాలా?

అడిగిన కాగితం ఇందులో పెట్టాను. "హనుమండ్లు నా ఎదుట చెప్పిన మాటలు" అని మొదలుపెట్టి, కింద నా సంతకం, అబ్జర్వేటరీ ముద్ర వేశాను. ముద్ర చూస్తే లచ్చయ్య రెండో మాట అనడు. ఇందులో ఉన్నది అబద్ధమని నీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియనక్కర్లేదు.

ఆపడం సంగతి నాకు వదిలెయ్. చెయ్యి పట్టుకుని ఆపే పని లేదు. మంచు పడుతుందని చెబితే చాలు.

గొంగడి అందింది. వచ్చిన రోజు దాన్ని కప్పుకుని క్యాంపంతా తిరిగాడు. పంజాబీ వంటవాడికి, పహాడీ కూలీలకు, ఆఖరికి ఇంజనీరుకు కూడా చూపించి "నా పెండ్లాం వడికింది" అని వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాడు. వాసన చూసుకుంటాడు కూడా. నాకు చూడబుద్ధి కాలేదు, లోపలికి వెళ్లి రిజిస్టరు రాసుకున్నాను.

కైలాసం


మల్లక్కపేట
26 నవంబరు 1963

కైలాసానికి,

నీ కాగితం ఇంకా రాలేదు. ఇది తొందర మీద రాస్తున్నాను. రామవ్వ నా కళ్లు గప్పింది. బియ్యం చెరగడానికని బడిపంతులు ఇంటికి వెళ్లి, పంతులు పెండ్లాం అనసూర్యతో హనుమండ్లుకు ఉత్తరం రాయించింది. పంచాయితీ తేదీ, బుచ్చిరాములు పేరు, నేను పైకి పలుక్కుంటూ నీకు రాస్తుంటే విన్నదీ అన్నీ రాయించిందట. ఆరు రోజులైంది పోస్టులో పడి. అనసూర్య మనసులో దాచుకోలేక నిన్న తనే వచ్చి నాకు చెప్పింది.

టపా మనిషి రాగానే ఆ ఉత్తరం నీ చేతిలోకి తీసుకుని చింపెయ్. వాడికి చదువు రాదు కదా, ఎవరితో చదివించుకుంటాడు? నీతోనేగా.

రామవ్వను గడప దాటనివ్వడం లేదు. అన్నం పెడితే తింటుంది, మాట్లాడదు. మాట్లాడకపోతే మానె, ఏడాది తిరిగేసరికి బుచ్చిరాములు ఇంట్లో తానే నవ్వుతుంది.

ముత్యం


అబ్జర్వేటరీ
30 నవంబరు 1963

అన్నకు,

పని అయిపోయింది. ఎల్లుండి కూలీలు దిగుతారనగా బావ నా దగ్గరికి వచ్చాడు. మూట కట్టుకున్నాడు కూడా. "బామ్మర్దీ, నీ డబ్బ ఏమంటున్నది?" అని వెక్కిరింపుగానే అడిగాడు. మూడు రోజులు మంచు జల్లులు, యాభై మైళ్ల గాలి, దారిలో చిక్కుకుంటే శవం కూడా దొరకదని చెప్పాను. తక్కినవాళ్లు పహాడీలు, అలవాటున్నవాళ్లు, నువ్వు ఆగు, పదిరోజుల్లో నేనే పంపిస్తానన్నాను. ఇంజనీరుకు ఇవ్వాల్సిన నిజం వేరే కాగితం మీద ఇచ్చాను. నిర్మలంగా ఉంటుందని రాశాను, అలాగే ఉంది.

ఇరవై ఎనిమిదిన తొంభై మంది కనుమ దాటారు. ఒక్కడి కాలు జారలేదు. ఆ మూడు రోజులూ ఆకాశంలో మబ్బు తునక లేదు. బావ గుడారం బయట కూర్చుని పొద్దస్తమానం పైకి చూశాడు. మూడో రోజు సాయంత్రం నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను తలెత్తలేదు.

ఇప్పుడు ఇక్కడ ఆరుగురం. నేను, వైర్‌లెస్ అతను, స్టోరు గుమస్తా, ఇద్దరు కావలివాళ్లు, బావ. టపా మనిషి పదిహేను రోజులకోసారి వస్తాడు. నీ కోరిక తీరుతుంది, ధైర్యంగా ఉండు.

కైలాసం


అబ్జర్వేటరీ
12 డిసెంబరు 1963

అన్నా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆరో తేదీన టపా మనిషి వచ్చాడు. నేను పైన గాలి కొలిచే చోట ఉన్నాను. బావ పేర ఉత్తరం ఉందని వైర్‌లెస్ అతను తీసుకున్నాడు. అతను విశాఖపట్నం వాడు, తెలుగు చదవడం వచ్చు. చదివి వినిపించాడు. బావ అక్కడికక్కడే ఇంటికి కార్డు రాయించి, వెళ్లిపోతున్న టపా మనిషి చేతికే ఇచ్చాడట. తనూ అతనితోనే వెళ్లేవాడు. కానీ సర్కారు సామాను అప్పగిస్తే గాని గుమస్తా పంపడు, ఆ రోజు గుమస్తా జ్వరంతో పడుకున్నాడు. ఏడున కోటు, బూట్లు, కంబళ్లు అన్నీ లెక్కపెట్టి అప్పగించాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఎనిమిదో తేదీ పొద్దున బారోమీటరు నేను ఇక్కడికి వచ్చాక ఎన్నడూ చూడనంత కిందికి పడిపోయింది. కానీ బయట గాలి లేదు. వెచ్చగా ఉంది. మన దగ్గర చలికాలంలో గాలి ఆగి వెచ్చబడితే కురుమలు మందను కదిలిస్తారు కదా. ఇక్కడ దానికి అర్థం వేరు. మధ్యాహ్నానికి తుఫాను అని వైర్‌లెస్ పంపి బయటికి వచ్చేసరికి బావ గొంగడి కప్పుకుని, పాత చెప్పులతో కనుమ దారి పట్టాడు.

పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. బలమైన గాలి, మంచు జల్లులు, పోవద్దన్నాను.

"మొన్న గూడ గిట్లనే అన్నవ్ గద బామ్మర్దీ. గిప్పుడు నీ డబ్బ ఏమంటున్నది, రామవ్వకు మారుమనువు జేయమంటున్నదా?"

"నీ కాళ్లు మొక్కుత బావా, గిది నిజం" అన్నాను.

"అంటే మొన్నటిది అబద్ధమన్నట్టే గద" అని నవ్వాడు. నన్ను కొట్టలేదు. పక్కకు నెట్టి వెళ్లిపోయాడు. ఆ నడక చూస్తే మందతో పోతున్నట్టే ఉంది.

పదకొండున్నరకు గాలి లేచింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు కొట్టింది. గాలి అరవై మైళ్లు, చలి సున్నాకు ఇరవై ఒకటి కింద. రిజిస్టరులో గంట గంటకూ రాశాను. ఇంకేం చెయ్యను?

19 డిసెంబరు. టపా మనుషులు ఇద్దరు ఇవాళ పైకి వచ్చారు. కింద ఎవరూ దిగలేదన్నారు. కనుమ ఇవతల అర మైలు దూరంలో గొంగడి కనిపించిందట. మనిషి లేడు. గంజి తడిని పీల్చుకుని, ఆ తడి గడ్డకట్టి, తల మీదుగా కొప్పెర వేసుకున్న ఆకారంలోనే పలకలాగా నిలబడి ఉందట. చలి మితిమీరితే ఒళ్లు మండినట్టై మనుషులు బట్టలు విప్పేస్తారని ఇక్కడివాళ్లు చెబుతారు. బావ పోయాడు. మంచు కరిగేదాకా శవం దొరకదు. చింపెయ్ అన్న నీ ఉత్తరం కూడా ఈ టపాలోనే వచ్చింది.

రామక్కకు నువ్వే చెప్పాలి.

కైలాసం


మల్లక్కపేట
5 జనవరి 1964

కైలాసానికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. డిసెంబరు పంతొమ్మిదిన పోస్టుమాన్ రెండు తెచ్చాడు. ఒకటి నీ ముప్పయ్యో తేదీ ఉత్తరం. రెండోది రామవ్వ పేర హనుమండ్లు కార్డు. "బయలెల్లిన. నేనొచ్చేదాక పుల్ల ఇరువకుండ్రి. గొర్ల బాకీ నా రెక్కలతోటి తీరుస్త" అని ఉంది. దాన్ని మగ్గం కింద దాచాను. అవును, దాచాను. తెల్లవారితే పంచాయితీ, నేను ఏం చెయ్యాలి?

పంచాయితీలో ముద్ర వేసిన నీ కాగితం చదివించాను. రామవ్వ ఆడవాళ్ల మధ్య నుంచి లేచి, "అబద్ధం. ఆయన గట్ల అనడు" అంది. లచ్చయ్య ముద్రను నాలుగువైపులా తిప్పి చూసి, పుల్ల విరిచి, ఒక ముక్క మాకు, ఒక ముక్క హనుమండ్లు పెద్దనాయన నాగయ్యకు ఇచ్చాడు. ఆ పూట నేను బుచ్చిరాములుకు కల్లు పోయించాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి అప్పటికి వాడు చచ్చి పన్నెండు రోజులు.

మూడు రోజుల తర్వాత పోస్టుమాన్ రామవ్వను చూసి "మొగడొస్తుండట గద?" అన్నాడు. ఇల్లంతా తవ్వింది. కార్డు దొరికింది. దాన్ని పట్టుకుని ప్రతి గడపకూ వెళ్లి చదివించింది. బుచ్చిరాములు ఆ రోజే మందను తోలుకుని పోయాడు, మళ్లీ మొఖం చూపలేదు.

మొన్న నీ ఉత్తరం వచ్చింది. దగ్గర కూర్చోబెట్టుకుని, నీ మొదటి అబద్ధంతో సహా మొత్తం చదివాను. దాచడం ఇక నా వల్ల కాలేదు. నెత్తి కొట్టుకుంటుందని పక్కింటి బాలవ్వను పిలిచి పెట్టాను కూడా. రామవ్వ నవ్వింది.

"రాను అన్నడంటిరి, వస్త అన్నడు. ఇప్పుడు సచ్చిండంటున్నరు. బుచ్చిరాములు మల్ల వస్తుండా అన్నా?"

గొంగడి సంగతి చెబితే, "బరువైతే ఇడిసి నడిశిండు. బతికినోడే ఇడుస్తడు గని సచ్చినోడు ఇడుస్తడా?" అంది. గాజులు తియ్యలేదు, బొట్టు చెరపలేదు.

నీకు సరిగ్గా ఒక్క అబద్ధం ఆడడం చేతకాలేదు. మూడు రోజులు ఎండ కాసేచోట మంచు అని ఎవడు చెప్పమన్నాడు? కాలు విరిగిందనో, కూలి రాలేదనో చెప్పి ఆపలేకపోయావా? వాడు చచ్చినట్టు సర్కారు వాళ్లతో కాగితం రాయించి పంపు. ఈసారి నిజమైన ముద్ర వేయించు.

ముత్యం


అబ్జర్వేటరీ
24 జనవరి 1964

అన్నకు,

చచ్చినట్టు కాగితం రాదు. శవం లేనిదే సర్కారు చావు రాయదు. "కనిపించుటలేదు" అని మాత్రం రాశారు. దాని నకలు పంపితే రామక్క ఇంకా నవ్వుతుంది.

నాకు అబద్ధం చేతకాలేదంటావా? ఆడమన్నది నువ్వు. కార్డు దాచింది నువ్వు. వాన ముఖమే తప్ప మంచు ముఖం తెలియని గొంగడికి మూడుసార్లు గంజి పట్టించింది నువ్వు. సర్కారు కోటు వెచ్చగా ఉండేది, దాన్ని అప్పగించి నీ గొంగడిని నమ్ముకుని వెళ్లాడు. అది గడ్డకట్టి మీద బిగుసుకుంటే ఎట్లా విడిపించుకున్నాడో ఆలోచించు. నేను రోజూ ఆలోచిస్తున్నాను.

రిజిస్టరులో డిసెంబరు ఎనిమిది పేజీ తీస్తే నా ముందస్తు సూచన అక్షరం పొల్లుపోకుండా నిజమైంది. పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నువ్వే చెప్పు.

రామక్కను ఇక్కడికి రానివ్వకు. పంపమని అడుగుతుందని నాకు తెలుసు. ఫిబ్రవరి, మార్చిలో కనుమ డిసెంబరు కంటే చెడ్డది. పొద్దున వెచ్చగా ఉంటుంది, ఎండ కాస్తుంది, కొత్తవాళ్లు అది చూసి మోసపోతారు. మే నెలలో మంచు కరిగాక నేనే శవాన్ని వెతికించి కబురు పెడతాను. అంతదాకా తాళం వేసైనా ఆపు.

కైలాసం


మల్లక్కపేట
12 ఫిబ్రవరి 1964

తమ్ముడా,

నీ ఉత్తరం ఎనిమిదిన వచ్చింది. రామవ్వకు చదివాను, ఒక్క ముక్క దాచలేదు. అంతా విని, "ఇప్పుడు పోవద్దంటున్నడా కైలాసం?" అని అడిగింది. అవునన్నాను. "గట్లయితే దారి మంచిగనే ఉన్నట్టు" అంది.

తాళం వేశాను. చెప్పినట్టే వేశాను. నిన్న తెల్లవారుజామున ఇంటి వెనక గోడ మట్టి తవ్వుకుని వెళ్లిపోయింది. పెద్దపల్లి స్టేషనుకు పరుగెత్తాను. ఢిల్లీ బండి వెళ్లి గంట అయింది. టికెట్టు బాబు గుర్తుపట్టాడు. గాజులు నిండుగా వేసుకుని, నొసట ఇంత బొట్టు పెట్టుకుని ఉందట. మొగుణ్ణి తోలుకరాబోతున్నానని చెప్పిందట. ఉర్దూ నాలుగు ముక్కలు వచ్చు, అడుక్కుంటూ పోగలదు. చేతిలో అనసూర్య రాసిచ్చిన చిరునామా ఉంది.

"రామవ్వ వస్తోంది, కనుమ ఎక్కనివ్వకు" అని నీకు తంతి కొట్టించాను. కొట్టించి స్టేషను బయట కూర్చున్నాక గానీ నేను ఏం చేశానో తెలియలేదు. ఎక్కనివ్వకు అంటే నువ్వు ఏం చేస్తావు? నీ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే కదా. బలమైన గాలులు, మంచు జల్లులు, పోవద్దు అని కింది ఊరికి పంపిస్తావు.

నువ్వు కనుమకు ఆవల, అది ఈవల. నిన్ను చూడదు, నీ కాళ్లు మొక్కడం చూడదు. కింది ఊళ్లో ఎవరినో దారి అడుగుతుంది. వాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు. చెయ్యి పట్టి ఆపి, పైన తుఫానమ్మా, పోతే బతకవు అంటారు. ఎవరు చెప్పారని అడుగుతుంది.

నీ పేరు చెబుతారు.

ముత్యం